విద్యుత్ ప్లగ్గు, తీగల భద్రతాప్రమాణాలు: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒక దేశంలో తయారై మరొక దేశంలో అమ్ముడయ్యే విద్యుత్ పరికరానికి తీగ, ప్లగ్గు చివర చేర్చే చిన్న భాగాలుగా కనిపిస్తాయి. కాని ఆ పరికరం ఒక దేశపు విపణిలో అడుగుపెట్టడానికి అర్హమా, కాదా అని నిర్ణయించే అంశాలలో అవి ముఖ్యమైనవి. ప్రపంచమంతటికీ ఒకే ప్లగ్గు ఎందుకు ఏర్పడలేదు? అది లేకుండానే అంతర్జాతీయ వాణిజ్యం ఎలా సాగుతోంది? ఈ క్రమంలో వినియోగదారుని ప్రాణరక్షణ ఎక్కడ బలపడింది, ఎక్కడ బలహీనపడింది? ఈ ప్రశ్నలను అమెరికా, జర్మనీ, బ్రిటన్ దేశాల ప్రమాణాల చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. భారతదేశానికి వారసత్వంగా వచ్చిన గుండ్రని పిన్నుల ప్లగ్గు, విదేశాల నుంచి తెలుగువారి ఇళ్లకు చేరే పరికరాలు కూడా ఇందులో చర్చకు వస్తాయి.

కీలకపదాలు: ప్లగ్గు, సాకెట్, ఎర్త్ తీగ, భద్రతాప్రమాణాలు, ప్రమాణీకరణ, అంతర్జాతీయ వాణిజ్యం, ఐ.ఇ.సి.

1. ఉపోద్ఘాతం:

విద్యుత్తు చరిత్రను సాధారణంగా ఉత్పత్తి కేంద్రాల చరిత్రగా, గొప్ప ఆవిష్కర్తల చరిత్రగా రాయడం పరిపాటి. ఆనకట్టలు, బల్బులు, మోటార్లు ఆ చరిత్రలో ప్రధానస్థానాన్ని ఆక్రమించాయి. మనిషి చేయి రోజూ తాకే చోటు మాత్రం ఆనకట్ట కాదు, గోడమీది సాకెట్. విద్యుత్తుకూ మనిషికీ మధ్య ఉన్న సరిహద్దు అదే. ఆ సరిహద్దులో ఎంత మందం పిన్ను ఉండాలి, ఏ రంగు తీగ దేనికి వాడాలి, ఏ భాగం ముందుగా తాకాలి వంటి నిర్ణయాలు వ్యక్తుల ఇష్టానికి వదిలివేసేవి కావు. వాటి వెనుక బీమా సంస్థల లెక్కలు, యుద్ధానంతర పునర్నిర్మాణ ప్రణాళికలు, వలసపాలన వారసత్వం, వ్యాపార ప్రయోజనాలు ఉన్నాయి.

నేడు ఇళ్లలో వాడే ప్లగ్గులను ఎ నుంచి ఒ వరకు ఇంగ్లీషు అక్షరాలతో పదిహేను రకాలుగా వ్యవహరిస్తున్నారు. ఇన్ని రకాలు ఉండటాన్ని కేవలం అసౌకర్యంగా, ప్రయాణికుల ఇబ్బందిగా చూడటం వాడుక. అయితే ఈ భేదాలకు ప్రతి దేశంలోనూ ఒక కారణం ఉంది. ఆ కారణాన్ని గుర్తించకుండా ఒక దేశపు ప్లగ్గును మరొక దేశపు సాకెట్‌లో ఇరికిస్తే పరికరం పనిచేయవచ్చు, రక్షణ మాత్రం మిగలకపోవచ్చు. పనిచేయడం వేరు, క్షేమంగా పనిచేయడం వేరు అన్న ఈ భేదమే ప్రస్తుత పరిశీలనకు మూలం.

2. దీపం హోల్డరు నుంచి ప్లగ్గు దాకా:

ఇళ్లకు విద్యుత్తు మొదట వెలుగు కోసమే వచ్చింది. తొలినాటి ఇళ్లలో గోడకు సాకెట్లు లేవు, పైకప్పుకు దీపం హోల్డర్లు ఉండేవి. ఇస్త్రీపెట్టె, ఫ్యాను వంటివి వచ్చినప్పుడు వాటి తీగలను కూడా ఆ హోల్డరుకే తగిలించవలసి వచ్చింది. అమెరికాలోని కనెటికట్ రాష్ట్రానికి చెందిన హార్వే హబ్బెల్, హోల్డరులో ఒక భాగాన్ని బిగించి, తీగ ఉన్న రెండో భాగాన్ని సులువుగా తగిలించి తీసే పరికరానికి 1904లో పేటెంటు పొందాడు. విడదీయగలిగే ప్లగ్గుకు ప్రచారం రావడంలో ఇది ముఖ్యమైన ఘట్టం.

ఈ తొలిదశ ప్లగ్గులలో రెండే పిన్నులు ఉండేవి. ఒకదాని గుండా విద్యుత్తు రావడం, మరొకదాని గుండా తిరిగి పోవడం, అంతవరకే వాటి పని. దీపానికి అది చాలు. ఇస్త్రీపెట్టె, బట్టలుతికే యంత్రం వంటి లోహపు తొడుగు ఉన్న పరికరాలకు అది చాలదు. లోపలి తీగ పైపొర ఊడి లోహానికి తగిలితే ఆ తొడుగంతా విద్యుత్తుతో నిండుతుంది. ముట్టుకున్న మనిషి శరీరమే భూమికి దారి అవుతుంది. మూడో తీగ, అంటే ఎర్త్ తీగ, అవసరం ఇక్కడ ఏర్పడింది. తొడుగును తక్కువ నిరోధం గల తీగతో భూమికి కలిపితే, లోపం ఏర్పడిన క్షణంలోనే ఆ దారిలో ఎక్కువ విద్యుత్తు ప్రవహించి ఫ్యూజు ఎగిరిపోతుంది. పరికరం ఆగిపోతుంది, మనిషి బతుకుతాడు.

ఎర్త్ తీగకు ఒక విశేష లక్షణం ఉంది. అది లేకపోయినా పరికరం మామూలుగానే పనిచేస్తుంది. అందువల్ల దాని లోటు రోజువారీ వాడకంలో కనిపించదు, ప్రమాదం జరిగిననాడే తెలుస్తుంది. ఇలాంటి రక్షణను వినియోగదారుని వివేకానికి వదిలిపెట్టడం సాధ్యం కాదు కనుకనే అది ప్రమాణంగా, ఆపైన చట్టంగా మారవలసి వచ్చింది.

3. మూడు దేశాలు, మూడు మార్గాలు:

3.1 అమెరికా - అగ్నిప్రమాదం, బీమా:

అమెరికాలో భద్రతాప్రమాణాలకు మొదటి ప్రేరణ అగ్నిభయం. 1893లో చికాగో నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో వేల విద్యుద్దీపాలు వెలిగాయి. ఆ ఏర్పాట్లవల్ల కలిగే అగ్నిప్రమాదాన్ని అంచనా వేయడానికి బీమా సంస్థలు విలియం హెన్రీ మెరిల్ అనే యువ ఇంజనీరును పంపాయి. మరుసటి ఏడాది అతడు నెలకొల్పిన పరీక్షాశాలే తరువాత అండర్‌రైటర్స్ లేబరేటరీస్, అంటే యు.ఎల్., అయింది. 1897లో జాతీయ విద్యుత్ నియమావళి తొలి ప్రచురణ వెలువడింది.

ఈ పుట్టుక ప్రభావం తరువాతి చరిత్రమీద కూడా కనిపిస్తుంది. యు.ఎల్. ప్రభుత్వశాఖ కాదు. పరీక్షించి గుర్తు ఇచ్చే సంస్థ. ఆ గుర్తు లేని సరుకుకు బీమా దొరకడం, దుకాణంలో చోటు దొరకడం కష్టం. ఆ విధంగా వ్యాపారమే నియమాన్ని అమలుచేసింది. పరికరాల తీగలకు నేటికీ యు.ఎల్. 817 అన్న ప్రమాణం వర్తిస్తోంది.

విద్యుదాఘాతం నుంచి రక్షణ మాత్రం ఆలస్యంగా వచ్చింది. ఫిలిప్ లాబ్రె మూడో పిన్ను గల ప్లగ్గుకు, సాకెట్‌కు 1928లోనే పేటెంటు పొందినా, కొత్త నిర్మాణాలలో సాధారణ సాకెట్లన్నింటికీ ఎర్త్ ఉండాలన్న నిబంధన జాతీయ నియమావళిలో 1962లో గాని చేరలేదు. ఈ రెండింటి మధ్య మూడు దశాబ్దాలకు మించిన కాలం ఉంది. ఇంట్లోకి వచ్చే వోల్టేజి అక్కడ సుమారు 120 మాత్రమే కావడం కూడా ఈ ఆలస్యానికి వీలు కల్పించి ఉండవచ్చు. అయితే తక్కువ వోల్టేజికి వేరే మూల్యం ఉంది. 1500 వాట్ల పరికరం 230 వోల్టుల వద్ద సుమారు 6.5 ఆంపియర్లు తీసుకుంటే, 120 వోల్టుల వద్ద 12.5 ఆంపియర్లు తీసుకుంటుంది. ప్రవాహం పెరిగితే తీగలో వేడి పెరుగుతుంది. అమెరికా ప్రమాణాలు తీగమందానికి, ఇన్సులేషన్‌కు అంత ప్రాధాన్యం ఇవ్వడం వెనుక ఈ లెక్క ఉంది.

3.2 జర్మనీ - తాకిడి క్రమం:

జర్మనీలో ఆల్బర్ట్ బ్యూట్నర్ 1920ల మధ్యకాలంలో రూపొందించిన ప్లగ్గు షుకో పేరుతో ప్రసిద్ధమైంది. రక్షణ కల్పించే స్పర్శ అనే అర్థం గల జర్మన్ పదానికి అది సంక్షిప్తరూపం. ఇందులో ఎర్త్‌కు మూడో పిన్ను లేదు. ప్లగ్గు పక్కలనున్న లోహపు పట్టీలు సాకెట్ లోపలి స్ప్రింగు పట్టీలకు తగులుతాయి. సాకెట్ లోతుగా ఉండటంవల్ల పిన్నులు విద్యుత్తును అందుకునేసరికి వేలు వాటిని తాకే అవకాశం ఉండదు. అన్నిటికంటె ముఖ్యమైనది తాకిడి క్రమం. ప్లగ్గు పెట్టేటప్పుడు ముందు ఎర్త్ కలుస్తుంది, తరువాత విద్యుత్తు వస్తుంది. తీసేటప్పుడు ముందు విద్యుత్తు పోతుంది, చివరగా ఎర్త్ విడిపోతుంది. రక్షణ ముందు వచ్చి చివర వెళ్లాలన్న ఈ సూత్రం బ్రిటిష్, భారతీయ ప్లగ్గులలో పొడవైన ఎర్త్ పిన్ను రూపంలో కనిపిస్తుంది.

3.3 బ్రిటన్ - యుద్ధానంతర గృహనిర్మాణం:

బ్రిటన్‌లో 1934లో వచ్చిన బి.ఎస్. 546 ప్రమాణం గుండ్రని పిన్నుల ప్లగ్గులను 2, 5, 15, 30 ఆంపియర్ల స్థాయిలలో నిర్ణయించింది. ఒక్కో స్థాయికి ఒక్కో పరిమాణం కావడంతో ఒకే ఇంట్లో పలు రకాల సాకెట్లు అవసరమయ్యేవి. రెండో ప్రపంచయుద్ధ కాలంలోనే, యుద్ధం ముగిశాక కట్టవలసిన ఇళ్లకు విద్యుత్ ఏర్పాట్లు ఎలా ఉండాలన్న విషయంపై ఒక సంఘం ఏర్పడి 1944లో నివేదిక ఇచ్చింది. ఇరవైమంది సభ్యులున్న ఆ సంఘంలో ఒకే ఒక మహిళ కారొలైన్ హాస్‌లెట్. మహిళల విద్యుత్ సంఘానికి సారథ్యం వహించిన ఆమె, గృహిణికి విద్యుత్తు పనిభారం తగ్గించే సాధనం కావాలని పనిచేసిన వ్యక్తి.

ఆ నివేదిక ఫలితంగా 1947లో బి.ఎస్. 1363 ప్రమాణం వెలువడింది. పలకల పిన్నులు, 13 ఆంపియర్ల గరిష్ఠస్థాయి, ప్లగ్గులోనే ఫ్యూజు, సాకెట్ రంధ్రాలకు మూతలు దాని లక్షణాలు. పొడవైన ఎర్త్ పిన్ను లోపలికి వెళ్లినప్పుడే మిగతా రెండు రంధ్రాల మూతలు తెరుచుకుంటాయి. పసిపిల్లలు మేకో, పుల్లో పెట్టినా విద్యుత్తు తగలకూడదన్నది మూతల ఉద్దేశం. పిల్లల భద్రత నివేదికలో స్పష్టంగా చోటు చేసుకున్న అంశం.

ప్లగ్గులో ఫ్యూజు ఉండటానికి కారణం బ్రిటన్‌కు ప్రత్యేకమైనది. రాగిని పొదుపుగా వాడటానికి, ఎక్కువ సాకెట్లు అమర్చడానికి వీలుగా అక్కడ ఒకే తీగను ఇల్లంతా వలయంగా తిప్పి, దానికి 30 ఆంపియర్ల రక్షణ పెట్టారు. అంత ప్రవాహాన్ని అనుమతించే వలయానికి సన్నని తీగ గల చిన్న దీపాన్ని నేరుగా కలిపితే, లోపం ఏర్పడినప్పుడు వలయపు ఫ్యూజు ఎగరకముందే ఆ సన్నతీగ కాలిపోవచ్చు. అందుకే ప్రతి ప్లగ్గు తన తీగను తానే కాపాడుకోవాలి. దీన్ని బట్టి ప్లగ్గు స్వతంత్రమైన వస్తువు కాదని, గోడలోపలి తీగల అమరికలో భాగమని స్పష్టమవుతోంది. ఒక దేశపు ప్లగ్గును మరొక దేశం తేలికగా స్వీకరించలేకపోవడానికి అసలు కారణం ఇదే.

4. ఎర్ర తీగ - రంగుల వైరుధ్యం:

ప్రమాణాల భేదం ప్రాణాంతకంగా మారగలదని చెప్పడానికి తీగల రంగులు మంచి ఉదాహరణ. బ్రిటన్‌లో పాత పద్ధతి ప్రకారం ఎరుపు తీగ విద్యుత్తు వచ్చే ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. జర్మనీలో పాత పద్ధతి ప్రకారం ఎరుపు తీగ ఎర్త్. అమెరికాలో నలుపు ఫేజు, తెలుపు న్యూట్రల్.

ఆ కాలంలో బ్రిటన్‌లో పరికరాన్ని ప్లగ్గు లేకుండానే అమ్మేవారు. కొన్నవారు ప్లగ్గును విడిగా కొని ఇంట్లో తామే బిగించుకునేవారు. జర్మనీ పద్ధతిలో తయారైన పరికరం తీగలో ఎరుపు కనిపిస్తే, బ్రిటన్ అలవాటు ప్రకారం దాన్ని ఫేజు పిన్నుకు కలిపే అవకాశం ఉంది. అప్పుడు పరికరపు లోహపు తొడుగు నేరుగా విద్యుత్తుకు అనుసంధానమవుతుంది. రక్షణకోసం పెట్టిన తీగే మృత్యుహేతువు అవుతుంది. ఇక్కడ తయారీదారుడి తప్పు లేదు, కొన్నవాడి తప్పూ లేదు. ఇద్దరూ తమ తమ దేశాల నియమాలను పాటించినవారే. దోషమంతా రెండు నియమాల మధ్య ఉన్న ఖాళీలో ఉంది.

ఈ వైరుధ్యాన్ని తొలగించడానికి పరికరాల తీగలకు గోధుమరంగు ఫేజుగా, నీలం న్యూట్రల్‌గా, ఆకుపచ్చ-పసుపు చారలు ఎర్త్‌గా అంతర్జాతీయ అంగీకారం కుదిరింది. బ్రిటన్ 1969లో నియమం చేసి 1970 నుంచి అమలుచేసింది. పాత రంగులలో ఏ ఒక్క దేశపు పద్ధతినీ యథాతథంగా స్వీకరించకపోవడం గమనార్హం. ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా గుర్తించలేని వర్ణాంధులకు కూడా ఈ ఎంపిక అనుకూలం. ఎర్త్‌కు చారలు పెట్టడంవల్ల రంగు తెలియకపోయినా తీగ తెలుస్తుంది.

5. ఒకే ప్లగ్గు కోసం ప్రయత్నం:

1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ తీర్మానాన్ని అనుసరించి, 1906లో లండన్‌లో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం, అంటే ఐ.ఇ.సి., ఏర్పడింది. లార్డ్ కెల్విన్ దాని తొలి అధ్యక్షుడు. ప్లగ్గులను ఏకరూపం చేయాలన్న చర్చ 1930లలో మొదలై, యుద్ధంవల్ల ఆగి, తరువాత తిరిగి సాగింది. ఎన్నో ఏళ్ల చర్చల అనంతరం 1986లో ఐ.ఇ.సి. 60906-1 పేరుతో ఒక ప్రమాణం వెలువడింది. సాంకేతికంగా అది చిన్నది, సురక్షితమైనది. అయినా అప్పటికే ప్రతి దేశంలోనూ కోట్ల సాకెట్లు గోడలలో ఉన్నాయి. వాటిని మార్చే ఖర్చు భరించడానికి చాలా దేశాలు సిద్ధపడలేదు. అంతేగాక మార్పుకాలంలో పాత, కొత్త రకాలు పక్కపక్కనే ఉండటం, వాటి మధ్య అడాప్టర్లు పెరగడం కూడా ప్రమాదకరమే.

బ్రెజిల్ ఈ ప్రమాణాన్ని ఆధారం చేసుకుని తన ఎన్.బి.ఆర్. 14136 ప్రమాణాన్ని రూపొందించుకుంది. అయితే పిన్నుల మందాన్ని మార్చుకుంది. 10 ఆంపియర్లకు 4 మి.మీ., 20 ఆంపియర్లకు 4.8 మి.మీ. మందం నిర్ణయించింది. మూలప్రమాణంలో 16 ఆంపియర్లకు 4.5 మి.మీ. మందం ఉంది. పైగా బ్రెజిల్‌లో కొన్నిచోట్ల 127 వోల్టులు, కొన్నిచోట్ల 220 వోల్టులు సరఫరా అవుతాయి. రెండింటికీ సాకెట్ ఒకటే. ఆకారం ఒకటైనంత మాత్రాన భద్రత ఒకటి కాదనడానికి ఇది నిదర్శనం. దక్షిణాఫ్రికా కూడా ఈ ప్రమాణాన్ని స్వీకరించింది. మిగతా ప్రపంచం తన పాత సాకెట్లతోనే ఉండిపోయింది.

6. గోడ దగ్గర కుదరనిది పరికరం దగ్గర కుదిరింది:

గోడ దగ్గర విఫలమైన ఏకరూపత తీగ రెండో కొసలో సఫలమైంది. 1970లో ఐ.ఇ.సి. 320 పేరుతో వెలువడి, తరువాత 60320గా మారిన ప్రమాణం, పరికరం వెనుక తగిలించే కనెక్టర్లను నిర్ణయించింది. కంప్యూటరు వెనుక పెట్టే మూడు రంధ్రాల కనెక్టరు సి13 అని, ల్యాప్‌టాప్ అడాప్టరుకు పెట్టే మూడు ఆకుల ఆకారపు కనెక్టరు సి5 అని, టేపురికార్డర్లకు పెట్టే 8 అంకె ఆకారపు కనెక్టరు సి7 అని వ్యవహారం.

ఈ ఆకారాలలో భద్రత ఇమిడి ఉంది. సి13 పిన్ను భాగాలు 70 డిగ్రీల సెల్సియస్ వేడికి, సి15 భాగాలు 120 డిగ్రీలకు తగినవి. వేడి పరికరానికి ఉండే చిన్న గట్టు కారణంగా సాధారణ సి13 తీగ అందులోకి వెళ్లదు. వేడిని తట్టుకునే తీగ మాత్రం సాధారణ పరికరానికి సరిపోతుంది. తప్పు చేయడానికి వీలులేకుండా ఆకారమే అడ్డుపడుతుంది. అలాగే సి7లో ఎర్త్ లేదు. రెండు పొరల ఇన్సులేషన్ గల రెండో తరగతి పరికరాలకే అది వర్తిస్తుంది. ఒక చతురస్రంలో మరొక చతురస్రం గీసిన గుర్తు ఆ తరగతిని సూచిస్తుంది.

దీని ఫలితం వాణిజ్యపరంగా గొప్పది. తయారీదారుడు ఒకే కంప్యూటరును లక్షల సంఖ్యలో తయారుచేసి, గమ్యదేశాన్ని బట్టి పెట్టెలో తీగను మాత్రం మార్చవచ్చు. 100 నుంచి 240 వోల్టుల వరకు స్వీకరించే పవర్ సప్లైలు వచ్చాక ఈ పద్ధతి మరింత స్థిరపడింది. పూర్వం యంత్రం దేశీయం, తీగ దాని భాగం. ఇప్పుడు యంత్రం అంతర్జాతీయం, తీగ మాత్రం దేశీయం. దేశాల మధ్య భేదమంతా ఒకటిన్నర మీటరు తీగలోకి వచ్చి చేరింది.

7. అమ్మకం, గుర్తులు, బాధ్యత:

భేదమంతా తీగలోకి చేరడంతో పరీక్ష కూడా తీగమీదికి వచ్చింది. ఐరోపా ఆర్థిక సమాజం 1973లో తెచ్చిన అల్పవోల్టేజి ఆదేశం సభ్యదేశాలలో పరికరాల స్వేచ్ఛావ్యాపారానికి మార్గం వేసింది. అయినా గృహవినియోగపు ప్లగ్గులను, సాకెట్లను అది తన పరిధినుంచి మినహాయించింది. పరికరానికి తయారీదారుడు తన ప్రకటనపై సి.ఇ. గుర్తు వేసుకోవచ్చు. ప్లగ్గు విషయంలో మాత్రం జాతీయ నియమాలే చెల్లుతాయి. బ్రిటన్ 1994 నాటి నిబంధనలతో గృహోపకరణాలను తగిన ప్లగ్గు బిగించే అమ్మాలని శాసించింది. జపాన్ పి.ఎస్.ఇ. గుర్తును, చైనా సి.సి.సి. గుర్తును తప్పనిసరి చేశాయి. తీగలు వాటి పరిధిలోకి వస్తాయి.

గుర్తు ఉన్నంత మాత్రాన క్షేమం హామీ కాదని కొన్ని ఘటనలు తెలిపాయి. 2014 ఆగస్టులో హెచ్.పి. సంస్థ తన ల్యాప్‌టాప్‌లతో ఇచ్చిన ఒక రకం తీగలు వేడెక్కుతున్నాయని అమెరికాలోనే సుమారు 56 లక్షల తీగలను వెనక్కి పిలిచింది. 2016లో ఆపిల్ సంస్థ ఐరోపా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, కొరియా, అర్జెంటీనా, బ్రెజిల్ దేశాల కోసం చేసిన రెండు పిన్నుల అడాప్టరు విరిగి, తాకితే షాక్ కొట్టే ప్రమాదం ఉందని వాటిని మార్చి ఇచ్చింది. రెండు సందర్భాలలోనూ లోపం అత్యంత సంక్లిష్టమైన ఎలక్ట్రానిక్ భాగంలో లేదు. పెట్టెలో అన్నింటికంటె చవకైన భాగంలో ఉంది.

నకిలీ సరుకు సమస్య ఇంతకంటె లోతైనది. బ్రిటిష్ ప్లగ్గులో ఫేజు, న్యూట్రల్ పిన్నుల మొదళ్లకు ఇన్సులేషన్ తొడుగు ఉండాలి, ఎర్త్ పిన్నుకు ఉండకూడదు. నకిలీ ప్లగ్గులలో మూడింటికీ తొడుగు కనిపిస్తుంది. లోపల ఫ్యూజు ఉండకపోవచ్చు. రాగి తీగకు బదులు రాగిపూత పూసిన వేరే లోహం ఉండవచ్చు. నకిలీదారుడు బయటి రూపాన్ని అనుకరిస్తాడు గాని, ఆ రూపానికి కారణమైన తర్కాన్ని గ్రహించడు. 30 ఆంపియర్ల వలయంలో ఫ్యూజులేని ప్లగ్గు అంటే ఏమిటో పై చర్చనుంచి గ్రహించవచ్చు.

8. భారతదేశం - తెలుగువారి ఇళ్లు:

1947లోనే బ్రిటన్ కొత్త ప్లగ్గును ప్రకటించింది. 1947లోనే భారతదేశం స్వతంత్రమైంది. పాలకులు తమ దేశంలో వదిలివేయదలచిన బి.ఎస్. 546 గుండ్రని పిన్నుల పద్ధతి మనకు వారసత్వంగా మిగిలింది. అదే సంవత్సరం ఏర్పడిన భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే ఐ.ఎస్.ఐ., ఈ పద్ధతినే ఐ.ఎస్. 1293 ప్రమాణంగా స్థిరపరచింది. 5, 15 ఆంపియర్ల పాత స్థాయిలు తరువాత 6, 16 ఆంపియర్లుగా మారాయి. తీగలు, ఇస్త్రీపెట్టెలు వంటివాటికి 2003 నాటి నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు, ల్యాప్‌టాప్‌లు, అడాప్టర్లు వంటివాటికి 2012 నాటి నిర్బంధ నమోదు ఉత్తర్వు వచ్చాయి.

మన 6 ఆంపియర్ల సాకెట్‌లో విద్యుత్తు వచ్చే పిన్నుల మందం సుమారు 5.1 మి.మీ., వాటి మధ్య దూరం 19 మి.మీ. జర్మన్ షుకో పిన్నుల మందం 4.8 మి.మీ., దూరం 19 మి.మీ. అందువల్ల షుకో ప్లగ్గు మన సాకెట్‌లోకి వెళ్తుంది, పరికరం పనిచేస్తుంది. షుకో ఎర్త్ పక్క పట్టీలలో ఉంటుంది, మన ఎర్త్ పైరంధ్రంలో ఉంటుంది. రెండూ కలవవు. ఐరోపానుంచి తెచ్చిన లోహపు తొడుగు గల పరికరం మన ఇంట్లో ఎర్త్ లేకుండానే నడుస్తుంది. 4 మి.మీ. సన్నపిన్నుల ఐరోపా ప్లగ్గు అయితే వదులుగా ఉండి, నిప్పురవ్వలు రేగి సాకెట్ నల్లబడుతుంది. అన్ని రకాల ప్లగ్గులూ పట్టే సాకెట్లు ఈ సమస్యను పరిష్కరించవు, కనబడకుండా చేస్తాయి.

ఈ చరిత్ర తెలుగువారికి దూరపు విషయం కాదు. కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు తెచ్చిన పరికరాలకు బ్రిటిష్ తరహా పలకల పిన్నులుంటాయి. మన సాకెట్‌లో పట్టవు కనుక ప్లగ్గు కోసి గుండ్రని పిన్నులది బిగించడం మామూలు. ఆ బిగింపులో రెండు తీగలు కలిపి, ఆకుపచ్చ-పసుపు తీగను మెలితిప్పి వదిలివేయడమూ మామూలే. అమెరికాకు వెళ్లేవారి సమస్య వేరు. అడాప్టరు ఆకారాన్ని మారుస్తుంది గాని వోల్టేజిని మార్చదు. 230 వోల్టుల మిక్సీ అక్కడ నీరసంగా తిరుగుతుంది. అక్కడినుంచి తెచ్చిన 120 వోల్టుల ఇస్త్రీపెట్టెను ఇక్కడ పెడితే, నిరోధం అదే కనుక మూడున్నర రెట్లకు పైగా వేడి పుట్టి కాలిపోతుంది.

మన ఇళ్లలో మరొక సంప్రదాయం కూడా ఉంది. గ్రైండరు షాక్ కొడుతుంటే చెప్పులు వేసుకుని, లేదా చెక్కపీటమీద నిలబడి పిండి రుబ్బడం చాలామంది తల్లుల అనుభవం. తడిచేత్తో ముట్టుకోవద్దన్నది పిల్లలకు మొదట చెప్పే విద్యుత్ పాఠం. దీన్ని అజ్ఞానంగా కొట్టిపారేయడం సరికాదు. విద్యుత్తు భూమికి పోయే దారిలో మనిషి ఉండకూడదన్న సూత్రం ఇందులో ఉంది. కాని యంత్రానికి కల్పించవలసిన రక్షణను మనిషి తన పాదాల కింద తానే ఏర్పరచుకుంటున్నాడు. ఇన్సులేషన్ వస్తువుకు ఉండాలని ప్రమాణం చెబుతుంది. ప్రమాణం ఇంటిదాకా రానిచోట ఆ భారం ఆమె చెప్పులమీద పడింది. మూడు రంధ్రాల సాకెట్ బిగించి, వెనుక ఎర్త్ తీగ లాగని ఇళ్లలో ఏ దేశపు గుర్తు ఉన్న ప్లగ్గయినా ఇదే స్థితి.

9. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

• ప్లగ్గుల వైవిధ్యం యాదృచ్ఛికం కాదు. అమెరికాలో అగ్నిబీమా, జర్మనీలో తాకిడి క్రమం, బ్రిటన్‌లో యుద్ధానంతర గృహనిర్మాణం వేర్వేరు రూపాలకు దారితీశాయి.

• ప్లగ్గు గోడలోపలి తీగల అమరికలో భాగం. ఆ అమరికను వదిలి ప్లగ్గును మాత్రమే అరువు తెచ్చుకుంటే రక్షణ తెగిపోతుంది.

• ప్రపంచం గోడ దగ్గర ఏకం కాలేకపోయినా తీగరంగుల విషయంలో, పరికరపు కొస దగ్గర ఏకమైంది. అంతర్జాతీయ వాణిజ్యం ఈ పాక్షిక ఒప్పందంమీదనే నడుస్తోంది.

• రెండు దేశాల నియమాలను వేర్వేరుగా పాటించినప్పటికీ వాటి మధ్య ఖాళీలో ప్రమాదం ఏర్పడగలదు. ఎర్ర తీగ, షుకో ఉదాహరణలు దీన్ని నిరూపిస్తాయి.

• భారతదేశంలో ప్రమాణం కాగితంమీద స్థిరపడినంతగా గోడలో స్థిరపడలేదు. సాకెట్ మూడో రంధ్రం వెనుక తీగ ఉన్నప్పుడే ప్రమాణం పూర్తవుతుంది.

సాంకేతిక వస్తువుల చరిత్రను తెలుగులో రాయవలసిన అవసరం కూడా ఈ సందర్భంలో గుర్తుచేయదగింది. ఎర్త్ అన్న మాట తెలియని తెలుగు ఇల్లు లేదు. అది ఎందుకుందో తెలుగులో చెప్పే రచనలు మాత్రం తక్కువ. ఆకుపచ్చ-పసుపు తీగను మెలితిప్పి వదిలివేసే చేయికి దాని కథ తెలిస్తే, ఆ తీగ తన చోటికి చేరే అవకాశం పెరుగుతుంది.